చెరుకు బండ్ల మధ్య నా పలక

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టాలంటే తలలో నాలుగు తెల్లవెంట్రుకలన్నా ఉండాలంటాడు మా బాపు, అంటే మా నాన్న. నాకింకా రాలేదు (వచ్చిన ఒకటి రెండింటిని నేను లెక్కలోకి తీసుకోవడం లేదు). అయినా నా మొదటి ల్యాప్‌టాప్ సంగతి చెప్పాలంటే ‘ఆ రోజుల్లో’ అనక తప్పదు. ఇప్పుడు ఇంట్లో నెట్ ఉందో లేదో అని ఎవరూ ఆలోచించరు. ఆ రోజుల్లో మాకది అలిగే గుణమున్న చుట్టంలా వచ్చేది. ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తే ఎంతసేపు కూర్చుంటుందో తెలియదు, మర్యాద కొంచెం తక్కువైందంటే చెప్పకుండా లేచిపోయేది. దాన్ని కూర్చోబెట్టడానికి నేను పడ్డ తిప్పలు తలచుకుంటే ఇప్పటికీ ఒక్కదాన్నే నవ్వుకుంటాను.

మా ఊరు బోధన్ నుంచి రుద్రూర్ వైపు పోయే దారిలో ఉంటుంది. రోడ్డు దిగితే చెరుకు, ఎక్కితే ఇళ్లు. మా ఇల్లు రోడ్డుకు ఈ పక్క, మా మేనత్త ఇల్లు సరిగ్గా ఆ పక్క. నేను బీఈడీ పూర్తిచేసి ఇంట్లో కూర్చున్న ఏడాది, ఇంటినుంచే ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగాలు ఉంటాయని స్నేహితురాలు చెబితే, బాపును నిజామాబాద్ తీసుకుపోయి ల్యాప్‌టాప్ కొనిపించాను. షాపతను పెద్ద పెద్దవి చూపించాడు. బాపు వాటి ధర అడక్కుండా బరువు అడిగాడు. “గింత బరువుది పిల్ల ఏడ మోస్తది? జర అల్కగున్నది సూపియ్యి అన్నా” అని, అన్నిటికంటే వెనుక దుమ్ముపట్టి ఉన్న చిన్నదాన్ని చేతిలోకి తీసుకుని, అంగట్లో సొరకాయను చూసినట్టు అటూ ఇటూ తిప్పాడు. షాపతను మొహం చిన్నబుచ్చుకుని, “చిన్నగున్నా అన్ని చేస్తది సార్. జర నిమ్మళంగ చేస్తది” అన్నాడు. పాపం, ఎంత నిజం చెప్పాడో ఆ తర్వాత తెలిసింది.

ఇంటికి తెచ్చాక మా అవ్వ (బాపు తల్లి) బీడీల చాట పక్కన పెట్టి, ల్యాప్‌టాప్‌ను వేలితో తట్టి చూసింది. “గీ పలకకు గన్ని పైసలు పెట్టిండ్రా? బలపం ఏదే మరి?” అంది. ఆ రోజునుంచి మా ఇంట్లో దాని పేరు పలక. మూత తెరిచి, మీట నొక్కి, వంటింట్లోకి పోయి చాయ్ పెట్టుకుని, తాగి, గిన్నె కడిగి వచ్చేసరికి అది కళ్లు తెరిచేది. లోపల జాగా ఎంత తక్కువంటే, రెండు ఫొటోలు దాస్తే చాలు, ఇక నావల్ల కాదని మొర పెట్టుకునేది. వీటన్నిటినీ సహించవచ్చు. కానీ దానికొక మతిమరుపు ఉండేది. మూత మూసి తెరిస్తే చాలు, ఈ లోకంలో వైఫై అనేది ఒకటుందన్న సంగతే మర్చిపోయేది. మళ్లీ ఆపి, మళ్లీ పెట్టి, బతిమాలితే గానీ గుర్తొచ్చేది కాదు. అందుకని నేను దాని మూత మూసేదాన్నే కాదు. రాత్రిపూట పెరుగు కుండ మీద కప్పినట్టు పల్చని తువ్వాల కప్పి పడుకునేదాన్ని. అది చూసి అవ్వ ఒకసారి, “జరమొచ్చిందా ఏందే దానికి?” అని అడిగింది.

ఇంతకీ ఆ వైఫై మాది కాదు, ఎదురింటి మేనత్తది. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా బావ, తల్లితో వీడియోలో మాట్లాడుకోవచ్చని ఇంటికి వైర్ వేయించి డబ్బా పెట్టించాడు. నేను పలకను కొన్న కొత్తలో వచ్చి, “వేరేది ఎందుకు, మాదే వాడుకో” అని పాస్‌వర్డ్ కొట్టిచ్చి పోయాడు. ఆ తర్వాత నెల తిరక్కముందే మా అమ్మకూ అత్తకూ మాటలు ఆగిపోయాయి. కారణం ఒడిబియ్యం చీర. ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి ఒడిలో బియ్యం పోసి కొత్త చీర పెట్టడం మా దగ్గరి పద్ధతి. అమ్మ కూడా శాస్త్రోక్తంగా అన్నీ చేసి చీర పెట్టింది. అత్త దాన్ని విప్పి చూసింది, మళ్లీ మడిచింది, మళ్లీ విప్పింది. ఆ చీర, తన ఇంటి గృహప్రవేశంలో తనే అమ్మకు పెట్టిన చీర! “నేను పెట్టిన చీర నాకే పెడ్తవా ఒదినె?” అని అత్త, “అసొంటియి షాపుల బొచ్చెడుంటయ్, నీదొక్కటే నేసిండ్రా?” అని అమ్మ. నలుగురిలో మొదలైన ఆ మాట నాలుగు రోజులకు రోడ్డంత వెడల్పయింది. “ఆ గడప తొక్కేది లేదు, ఆ ఇంటి చాయ్ తాగేది లేదు” అని అమ్మ శాసనం చేసింది. బాపు మాత్రం పొద్దున చెల్లె ఇంట్లో చాయ్ తాగి, మా ఇంట్లో తాగనట్టు మొహం పెట్టి ఇంకోటి తాగేవాడు.

గడప తొక్కొద్దన్నారు గానీ నెట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను కూడా ఎత్తలేదు. అమ్మ అది నా ఫోన్ రీచార్జిలోంచి వస్తుందని అనుకుంటోందని నేననుకున్నాను. (ఫోన్ సిగ్నల్ మా మిద్దె మీద ఒక్క గీత మాత్రం ఉండేది. అక్కడ ఎండకు తెర మీద నా మొహం తప్ప ఇంకేమీ కనిపించేది కాదు.) అత్త వైఫై రోడ్డు దాటి మా ముందుగది కిటికీ వరకే వచ్చేది, అక్కడే ఆగిపోయేది. కాబట్టి కిటికీ కింద రెండు వడ్ల బస్తాలు వేసి, వాటిమీద అవ్వ పాత చాట పెట్టి, చాటలో పలకను కూర్చోబెట్టేదాన్ని. జరగకుండా అంచులు ఆనేవి, కొలిచి చేయించినట్టు. పలకకు మాత్రం తంబాకు వాసన పట్టింది. అది వేడెక్కితే నాకు తుమ్ములొచ్చేవి.

దరఖాస్తులు పెట్టగా పెట్టగా చివరికి ఒకచోట నుంచి పిలుపొచ్చింది. బడిపిల్లలకు తెలుగులో లెక్కలు చెప్పే ఉద్యోగం. ముందు డెమో క్లాసు చెప్పి చూపించాలి, ఒక్కటే అవకాశం, నెట్ పోతే మళ్లీ పిలవం అని ఫోన్లో మేడం చాలా మర్యాదగా, చాలా గట్టిగా చెప్పింది. ఇది రాకపోతే నిజామాబాద్‌లో మేనమామ బట్టల షాపు బిల్లు కౌంటర్ నా కోసం ఎదురుచూస్తోంది. మామయ్య మంచివాడే, షాపూ మంచిదే. కానీ నాకు చిన్నప్పటినుంచీ పాఠం చెప్పడమంటే పిచ్చి. ఎవరూ లేకపోతే మా మేకపిల్లకు ఎక్కాలు చెప్పినదాన్ని. ఆ ఉద్యోగం నాకెంత కావాలో చెప్పలేను, దాని కోసం వారం రోజులు అద్దం ముందు భిన్నాలు చెప్పుకున్నాను.

డెమో పొద్దున పదకొండుకు. ఎనిమిదింటికి లేచి చూద్దును కదా, కిటికీ అవతల అత్త ఇల్లు లేదు! దాని స్థానంలో ఆకుపచ్చ గోడ ఉంది. చెరుకు నరుకుడు మొదలై, ఊరి చివరి కాటా దగ్గర తూకానికి వచ్చిన ట్రాక్టర్ల లైను మా ఇంటి ముందుదాకా వచ్చింది. మామూలుగా మధ్యాహ్నం గానీ రాదు. రెండు ట్రాలీలు, నిండా చెరుకు, మిద్దె ఎత్తున, సరిగ్గా మా కిటికీకీ అత్త కిటికీకీ మధ్యన నిలబడి ఉన్నాయి. పచ్చి చెరుకు అడ్డం ఉంటే మా పలక గుడ్డిదే. వైఫై గీతలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. నేను బస్తా మీద కూర్చుని ఏడుపందుకున్నాను.

అవ్వ బీడీ చుడుతూ చుడుతూ తల ఎత్తింది. “ఏమాయెనే?” అంది. చెప్పాను. “గంతేనా? గా బండి జర ఎన్కకు పోతె అయిపాయె” అని, చాట చంకన పెట్టుకుని, బయటి నులక మంచాన్ని ఈడ్చుకుంటూ రోడ్డు మీదికి పోయింది. డ్రైవర్లలో సగం మంది సరిహద్దు అవతలి మరాఠీవాళ్లు. అవ్వకు రెంజల్ అంగడి పుణ్యాన ఆ భాష కొంచెం వచ్చు. ఏం చెప్పిందో ఏమో, వెనుక బండి కాస్త వెనక్కి, ముందు బండి కాస్త ముందుకు జరిగాయి. ఆ సందులో మంచం వేసుకుని, చాట ఒళ్లో పెట్టుకుని, అవ్వ హాయిగా బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. మంచం పైనుంచి అత్త కిటికీ కనిపించింది. నా పలక మీద గీతలు ఒక్కొక్కటే మళ్లీ వెలిగాయి. నాకు అవ్వ కాళ్లు మొక్కాలనిపించింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. చెరుకు లైన్లో ఎవడైనా తినడానికో స్నానానికో పోవాలంటే, తన జాగాలో రెండు చెరుకు గడలు పడేసి వాటిమీద తువ్వాల వేసి పోతాడు. ఆ తువ్వాలను ఎవరూ దాటరు, లైను కదిలితే దాన్ని కూడా ముందుకు జరుపుతారు. అది మా దిక్కు మర్యాద. అవ్వను చూసి డ్రైవర్లందరూ, ముసలమ్మ కొడుకు బండికి జాగా పట్టుకుని కూర్చుందనుకున్నారు. వాళ్లు అనుకోవడంలో తప్పేముంది? వైఫైకి జాగా పట్టుకుని కూర్చుందని ఎవరనుకుంటారు?

పదకొండుకు తెర మీద మేడం వచ్చింది. పక్కన గుబురు మీసాల సార్ ఒకాయన. “నేను ఆరో తరగతి పిల్లాడిని అనుకోండి టీచర్, కొంచెం అల్లరి పిల్లాడిని” అన్నాడు. ఆయన పాత్రలో ఎంతగా లీనమయ్యాడంటే, నేను భిన్నం గీత గీయకముందే “టీచర్, పెన్సిల్ విరిగింది” అన్నాడు. నేను నవ్వాపుకుని పాఠం మొదలుపెట్టాను. బాగానే నడిచింది. గొంతు వణకలేదు, పలక ఆగలేదు. అంతలో కిటికీ బయట ఒక హారన్ మోగింది. తర్వాత ఇంకోటి. తర్వాత ఊరంతా పెళ్లి ఊరేగింపు వచ్చినట్టు హారన్లే హారన్లు. లైను కదిలింది! ముందు బండి పోయింది, అవ్వ మంచం మాత్రం కదల్లేదు. “ఆజీ, గాడీ కుఠే?” అని ఎవడో అరుస్తున్నాడు. అంటే, అమ్మమ్మా నీ బండేదీ అని. “యేతే, యేతే!” వస్తుంది, వస్తుంది అని అవ్వ. తెర మీద మీసాల పిల్లాడు చెవులు మూసుకుని, “టీచర్, మన బడి బస్టాండులో ఉందా?” అన్నాడు. నేను కూడా ఎక్కడినుంచో ధైర్యం తెచ్చుకుని, “అవును బాబూ, ఆ బస్సుల్లో సగం పోతే మిగిలినవెన్నో చెప్పు” అన్నాను. మేడం పెదవుల మీద నవ్వు కనబడింది.

ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. నవ్వు మాత్రమే కాదు, మేడం మొత్తం ఆగిపోయింది, ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి. గీతలు లేవు. తల ఎత్తి చూస్తే కిటికీ నిండా మళ్లీ చెరుకు. బయట ఏం జరిగిందో నాకు తర్వాత అమ్మ చెప్పింది. డ్రైవర్లు అవ్వ మీద కోప్పడలేదు. “పాపం, ముసల్దాని నంబర్ ఎందుకు పోగొట్టాలె” అనుకుని, నలుగురు వచ్చి మంచం నాలుగు కోళ్లు పట్టి, చాటతో, తంబాకుతో, అవ్వతో సహా పైకెత్తి, లైనులో ముందుకు మోసుకుపోయారు. అవ్వ “దించుండ్రి బిడ్డా, దించుండ్రి” అంటుంటే, సిగ్గుపడుతోందనుకుని ఇంకొంచెం ముందుకు తీసుకుపోయారట. ఖాళీ అయిన జాగాలోకి వెనుక బండి బుద్ధిగా వచ్చి నిలబడింది.

నేను పలక ముందు కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాను. బిల్లు కౌంటర్, స్టూలు, మామయ్య షాపు క్యాలెండర్ అన్నీ కళ్లముందు కనిపించాయి. అప్పుడే రోడ్డు అవతలినుంచి, చెరుకు బండి మీదుగా, ఆరు నెలలుగా మా ఇంట్లో వినబడని గొంతు వినబడింది. “ఓ పిల్లా! ఏం సూస్తున్నవే ఆడ? పలక పట్టుకొని జల్ది రా!” అత్త! తన మిద్దె మెట్ల మీద నిలబడి చేయి ఊపుతోంది. (నా డెమో సంగతి పొద్దున చాయ్ తాగుతూ బాపు చెప్పాడట.) నేను అమ్మ వైపు చూశాను. అమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. అటూ చూడలేదు, ఇటూ చూడలేదు, నేల చూసింది. నాకు ఆగే ఓపిక లేదు. మూత మూయకుండా చాటతో సహా పలకను ఎత్తుకుని పరుగుతీశాను. ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య సందులోంచి వంగి దూరుతుంటే ఒక చెరుకు గడ జారి చాటలో పడింది. దాన్ని తీసే తీరిక కూడా లేక అలాగే పోయాను.

అత్త ఇంట్లో అడుగుపెట్టానో లేదో పలక, బ్యాటరీ అయిపోతోందని ఎర్రగా ఏడ్చింది. చార్జర్ మా ఇంట్లోనే ఉండిపోయింది. మళ్లీ రోడ్డు దాటాలా అని నేను వెనక్కి తిరిగేసరికి, గుమ్మంలో అమ్మ! చీర కుచ్చిళ్లు దోపుకుని, చేతిలో నల్ల వైరు వేలాడదీసుకుని, ఆయాసపడుతూ నిలబడి ఉంది. “తీగె మర్సిపోయినవ్” అంది నాతో. చూపు మాత్రం గోడ మీద ఉంది. అత్త గబగబా ప్లగ్గు చూపించి, “లోపటికి రా ఒదినె, దర్వాజల నిలబడ్తరా?” అంది. అమ్మ లోపలికొచ్చింది.

మేడం మళ్లీ కదిలింది. “వినబడుతోందా అమ్మా? మీ వెనుక గోడ మారిపోయిందేంటి?” అంది. నేను ఒక్క ఊపిరిలో జరిగింది చెప్పేసి, భిన్నాలకు గీసుకున్న కాగితం ఇంట్లోనే ఉండిపోయిందని గుర్తొచ్చి, చాటలో పడ్డ చెరుకు గడను పైకెత్తాను. “బాబూ, ఈ గడను నలుగురికి సమానంగా పంచాలి. ఒక్కొక్కరికి ఎంత వస్తుంది?” మీసాల పిల్లాడు నోరు తెరిచేలోపు నా వెనుకనుంచి అమ్మ గొంతు. “సమానం ఎట్లయితదే? మొదలు తియ్యగుంటది, కొస సప్పగుంటది.” వెంటనే అత్త, “అవ్ ఒదినె, కొస ఎవ్వలికిస్తవ్ మరి?” “చిన్నోళ్లకు మొదలియ్యాలె. కొస మనం తింటం.” “నేనెందుకు తింట ఒదినె? నాకు కొస వద్దు!” “అయితె నువ్వు గూడ మొదలే తీస్కో, ఎవ్వలొద్దన్నరు?” వాళ్లిద్దరూ ఆరు నెలల మాటలు ఒకేసారి మాట్లాడేస్తున్నారు. మీసాల సార్ పిల్లాడి పాత్ర వదిలేసి, కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వాడు. మేడం అడిగింది, “ఇప్పుడు ఈ పిల్లాడికి ఏం చెబుతారు టీచర్?” “పొడవు సమానమైతే నాలుగో వంతు. తీపి సమానం కావాలంటే పై తరగతిలో చెబుతాను” అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

పాఠం అయిపోయి తెర ఆరాక చూశాను. అత్త వైఫై డబ్బా కిటికీ చువ్వలకు దారంతో కట్టి ఉంది, సరిగ్గా మా ఇంటి వైపు మొహం పెట్టి. ఎక్కడో మూలన గూట్లో ఉండాల్సింది. “ఇక్కడెందుకు కట్టినవ్ అత్తా?” అంటే, “మీ బావ ఫోన్ల సూసి, మాటల్లేకున్నా ఆ ఇంటోళ్లు ఇంక మన నెటే వాడుతుండ్రమ్మా, పాస్‌వర్డ్ మారుస్త అన్నడు. మారిస్తె కాల్లిరుగ్గొడ్త అన్న. కిటికీల పెడితె ఆ ఇంటిదాంక మంచిగ అందుతదట. నీ కోసమే కట్టిన” అంది. భయంగా అమ్మను చూశాను. అమ్మ మాత్రం అత్త ఇచ్చిన చాయ్‌ని ఊదుకుంటూ, “నాకు తెల్వదనుకున్నవా? నువ్వు పలక ముంగట కూసున్నప్పుడు ముంగటి దండెం మీద తడి చీరలెందుకు ఆరెయ్యలే మరి, నీ నెట్‌కు అడ్డమైతయనే గద?” అంది. “మరి గడప తొక్కొద్దన్నవ్ కదా అమ్మా!” “గడప తొక్కొద్దన్న. గాలికి మాటపట్టింపు ఏందే?” అని చాయ్ తాగింది. ఆ ఇద్దరు మాటల్లేని ఆడవాళ్లు అన్ని నెలలూ రోడ్డుకు రెండు పక్కలా నా నెట్‌ను చెరో చేత్తో పట్టుకుని నిలబడ్డారన్నమాట. తెలియనిది నాకొక్కదానికే.

మధ్యాహ్నం చేను నుంచి వచ్చిన బాపు, చెల్లె ఇంట్లో భార్య కూర్చుని చాయ్ తాగుతుండటం చూసి గేటు దగ్గరే ఆగిపోయాడు. భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకుని, “ఎవ్వలికేమైంది?” అన్నాడు మెల్లగా. ఎవరికీ ఏమీ కాలేదని నమ్మించడానికి చాలాసేపు పట్టింది. అవ్వను మాత్రం కాటా దాకా తీసుకుపోయారు. అక్కడి గుమాస్తా “అవ్వా, నీ చెరుకేదీ?” అంటే, “నాకెక్కడి చెరుకు బిడ్డా, మా మనుమరాలి పాఠమైందా లేదా జర ఫోన్ చేసి అడుగు” అందట. డ్రైవర్లకు అప్పుడు గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక తిట్టుకోలేదు సరికదా, మళ్లీ అదే మంచం మీద మోసుకొచ్చి ఇంటి ముందు దించారు. అమ్మ వాళ్లందరికీ మజ్జిగ పోసింది, అత్త గ్లాసులు అందించింది.

వారం తిరక్కముందే ఫోన్ వచ్చింది. ఉద్యోగం ఇచ్చారు. ఇంటికి వేరే కనెక్షన్ పెట్టిద్దామని బాపు అంటే అమ్మ ఒప్పుకోలేదు. “ఒదినె మరదళ్లకు రెండు నెట్లెందుకు, దండుగ” అంది. అలా నేను రోజూ రోడ్డు దాటి అత్త ఇంట్లో కూర్చుని పాఠాలు చెప్పాను. ఇప్పుడు నిజామాబాద్‌లో ఉంటున్నాను. మంచి ల్యాప్‌టాప్ ఉంది, మూత మూసినా దానికి అన్నీ గుర్తుంటాయి. అప్పుడప్పుడు ఊరికి పోతే అవ్వ ఆ కథ మళ్లీ చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ మోసినవాళ్లు పెరుగుతుంటారు, ఈమధ్య ఎనిమిది మందయ్యారు. “అందర్ని సచ్చినంక మోస్తరు. బతికుండంగ ఊరంత తిప్పింది నన్నొక్కదాన్నే” అని బోసినోటితో పకపకా నవ్వుతుంది. చుట్టూ ఉన్నవాళ్లందరూ చూసినవాళ్లే కాబట్టి, ఒకరి మాటకు ఇంకొకరు అడ్డమొచ్చి, అవ్వ కూర్చున్న తీరు, చేయి ఊపిన తీరు చేసి చూపిస్తారు. నేనే, ఇదంతా ఎవరి కోసం జరిగిందో ఆ నేనే, చూడలేదు. అప్పుడు నేను ఆగిపోయిన తెర మీద ఆగిపోయిన మేడం మొహం చూస్తూ, లోకం మునిగిపోయిందని కళ్లు తుడుచుకుంటున్నాను. ఇప్పుడా పిల్ల నాకు కనిపిస్తే ఉద్యోగం వస్తుందని చెప్పను, అదెలాగూ వస్తుంది. గడ్డం పట్టుకుని మొహం తలుపు వైపు తిప్పి, “ఏడ్సుడు తర్వాత గానీ, జల్ది లేచి బయటికి సూడే పిచ్చిదానా, అవ్వను మోసుకపోతుండ్రు” అంటాను.